తీసిన ఫోటో, చేసిన ఫోటో

"ఫోటో అబద్ధమాడదు" అన్నది మన ఇళ్ళల్లో బాగా పాతుకుపోయిన నమ్మకం. మనిషి మాట మారుస్తాడు, జ్ఞాపకం మసకబారుతుంది. గోడమీద పటం మాత్రం వున్నదున్నట్లు చెబుతుందని మన ధీమా. ఆ ధీమా ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే పెద్ద పట్నాలకు పోనక్కరలేదు. సత్తెనపల్లి లాంటి వూళ్ళో ఏ ఫోటో స్టూడియోలోనైనా ఓ పూట కూర్చుంటే చాలు.

పెళ్ళిళ్ళ రోజుల్లో అక్కడ తరచు వినిపించే సంభాషణ యిది. ఒకావిడ చేతిసంచీలోంచి కవరు తీస్తుంది.

"బాబూ, మా ఆయన పోయి మూడేళ్ళయింది. మొన్న అమ్మాయి పెళ్ళి చేశాం. ఈ ఫోటోలో నా పక్కన ఆయన్ని నిలబెట్టగలవా?"

"నిలబెడతానమ్మా. పాత ఫోటో ఏదన్నా వుందా?"

"ఆధార్ కార్డు మీదదే వుంది నాయనా."

"దాంతో కాస్త కష్టమే. అయినా చూద్దాం లెండి. పంచె, ఉత్తరీయం వెయ్యమంటారా, చొక్కా ప్యాంటూనా?"

ఆవిడ ఒక్క క్షణం ఆగి, "పంచే. ఆయన ఉంటే పంచే కట్టేవారు," అంటుంది.

మూడోనాటికి ఫోటో తయారవుతుంది. పెళ్ళికి రాని మనిషి పెళ్ళిలో నిలబడి ఉంటాడు. అది అబద్ధమా? ఆ తల్లిని అడగండి, కాదంటుంది. చట్టం తెలిసినవాణ్ణి అడగండి, నిజమైతే కాదంటాడు. ఈ రెండు జవాబులకూ మధ్య వున్న జాగాలోనే ఈ కాలపు ఒక కళ యిల్లు కట్టుకుంది. ఆంగ్లంలో డిజిటల్ ఆర్ట్ అనో, ఫోటో మాంటేజ్ అనో పిలుస్తారు. మనం 'చేసిన ఫోటో' అందాం. కెమేరాతో తీసింది తీసిన ఫోటో. తీసినవాటిని కంప్యూటరులో కలిపి, విడదీసి, రంగు మార్చి తయారుచేసింది చేసిన ఫోటో.

ఇదంతా కంప్యూటరు తెచ్చిన చేటు అనుకునేవారున్నారు. వాస్తవానికి ఫోటోకు ఇరవై ఏళ్ళు నిండకముందే ఈ విద్య పుట్టింది. 1857లో ఇంగ్లండులో రైలాండర్ అనే ఆయన ముప్పయికి పైగా నెగెటివులను ఒకదాని పక్కన ఒకటి అచ్చువేసి ఒక పెద్ద దృశ్యం తయారుచేశాడు. విక్టోరియా మహారాణి దాని ప్రతి ఒకటి కొన్నది. మరుసటి ఏడు రాబిన్సన్ అనే ఆయన ఐదు నెగెటివులు కలిపి, చావుబతుకుల్లో వున్న ఒక బాలికను, ఆమె చుట్టూ వున్న కుటుంబాన్నీ చూపించాడు. అంత దుఃఖాన్ని ఫోటోలో చూపవచ్చునా అని కొందరు మండిపడ్డారు. చిత్రకారుడు కుంచెతో వేస్తే ఎవరూ ఏమీ అనరు. ఫోటో అనేసరికి నిజమని నమ్మి, నమ్మినందుకు కోపగించుకోవడం లోకం తీరు.

మన దాపున వున్న కథ ఒకటి చెబుతాను. అమరావతి స్తూపం వెనకటి లెక్కల్లో సత్తెనపల్లి తాలూకాలోదే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరాయి. 1858లో మద్రాసు ప్రభుత్వపు ఫోటోగ్రాఫరు లిన్నేయస్ ట్రైప్ అక్కడి మ్యూజియంలో ఆ రాళ్ళకు ఫోటోలు తీశాడు. ఆ తర్వాత రాళ్ళలో చాలాభాగం లండనుకు తరలిపోయింది. ఈ ట్రైప్ దొరకు ఒక అలవాటు వుండేది. ఆ రోజుల్లో ఆకాశాన్ని ఫోటో తీస్తే వట్టి తెల్లగా వచ్చేది, మేఘం జాడ కనిపించేది కాదు. అంచేత ఆయన కొన్ని దృశ్యాల నెగెటివుల మీద తానే కుంచెతో మబ్బులు దిద్దేవాడు. అంటే అమరావతి శిల్పాలను ఫోటో తీసిన చెయ్యే మబ్బులు కల్పించిన చెయ్యి కూడాను. ఆకాశంలో కల్పన సాగింది. రాళ్ళ దగ్గర అటువంటి కల్పనకు చోటు లేదు. ఎక్కడ చెయ్యి పెట్టవచ్చు, ఎక్కడ పెట్టకూడదు అన్న వివేకం ఈ కళకు మొదటి పాఠం.

ఇక మన సినిమా సంగతి చెప్పనే అక్కరలేదు. 1957 మార్చిలో విడుదలైన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు కొండంత పెరిగాడు, గోరంత తగ్గాడు, లడ్డూలు తమంత తాము నోట్లోకి దూకాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే, దర్శకుడు కె.వి. రెడ్డి కంప్యూటరు లేకుండానే అంత మాయ చేశారు. అదే 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే శాస్త్రజ్ఞుడు తన మూడు నెలల కొడుకు ఫోటోను యంత్రంతో చదివించి కంప్యూటరులోకి ఎక్కించాడు. అడ్డంగా 176 చుక్కలు, నిలువుగా 176 చుక్కలు. అంతే ఆ బొమ్మ. మన ఘటోత్కచుడూ ఆ పసివాడూ ఒక యేటివారే అన్నమాట. యాభై మూడేళ్ళు తిరిగి 2010లో ఆ రెండు దారులూ కలిశాయి. నలుపు తెలుపు 'మాయాబజార్'కు హైదరాబాదు సంస్థ ఒకటి కంప్యూటరుతో రంగులు వేయించి విడుదల చేసింది. చూసినవాళ్ళు కొందరు మురిసిపోయారు, కొందరు పెదవి విరిచారు. శశిరేఖ పట్టుచీర రంగు నలుపు తెలుపు ఫిల్ము చెప్పదు గదా, ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయమే కళాకారుడి పని. యంత్రం నిర్ణయించదు, నిర్ణయించినదాన్ని అమలుపరుస్తుంది.

కంప్యూటరు దగ్గర ఈ పని ఎలా జరుగుతుందో కాస్త తెలుసుకుంటే మన పాఠకులకు సరదాగా వుంటుంది. డిజిటల్ ఫోటో అంటే చుక్కల ముగ్గు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల పాళ్ళు అంకెల్లో రాసి వుంటాయి. మామూలు ఫోటోలో ఒక్కొక్క రంగుకు 0 నుంచి 255 దాకా మెట్లు. మూడూ కలిస్తే కోటీ అరవై ఏడు లక్షలకు పైచిలుకు రంగులు. ఇన్ని వున్నా మన ప్రాంతం మాత్రం కెమేరాను రెండు రంగులతో ముప్పుతిప్పలు పెడుతుంది.

ఒకటి మిరప. మాఘ ఫాల్గుణాల్లో కల్లం నిండా ఎండబోసిన కాయలను మధ్యాహ్నపు ఎండలో తీసి చూడండి. కంటికి కాయకాయా విడిగా కనిపిస్తుంది. ఫోటోలో ఎర్ర దుప్పటి పరిచినట్లుంటుంది. కారణం ఏమంటే, ఎరుపు పాలు అన్నిచోట్లా 255 మెట్టు ఎక్కి కూర్చుంటుంది. ఆపైన మెట్టు లేదు కనక కాయకూ కాయకూ తేడా చెరిగిపోతుంది. రెండోది పత్తి. విచ్చిన పత్తికాయను ఎండలో తీస్తే మూడు రంగులూ పైమెట్టెక్కి, పోగులు మాయమై, తెల్లకాగితం అతికించినట్లు వస్తుంది. తెలిసినవాడు ఏం చేస్తాడంటే, కెమేరాలోకి వెలుతురు కొంచెం తక్కువ రానిస్తాడు. ఫోటో మొదట మబ్బుగా కనిపించినా పోగు పోగూ నిలుస్తుంది, తర్వాత నీడలను పైకి తెచ్చుకోవచ్చు. కెమేరా పట్టిన వెలుతురు లెక్కను వండకుండా అలాగే దాచే పద్ధతి కూడా వుంది. దాన్ని 'రా' ఫైలంటారు, పచ్చి సరుకన్నమాట. పచ్చి సరుకు ఇంట్లో వుంటే కూర మళ్ళీ వండుకోవచ్చు. పైమెట్టు దాటి పోయిన వివరాన్ని మాత్రం ఏ కంప్యూటరూ వెనక్కి తేలేదు.

తర్వాతి పని పొరలు పేర్చడం. తోలుబొమ్మలాట చూసినవారికి యిది వెంటనే బోధపడుతుంది. తెల్లని తెర, వెనక దీపం, మధ్యలో రంగులద్దిన తోలుబొమ్మలు. రాముడి బొమ్మ ఒకటి, చెట్టు బొమ్మ ఒకటి, తెర మీద మాత్రం రాముడు చెట్టుకింద నిలుచున్నట్లే వుంటుంది. కంప్యూటరులో ఒక్కొక్క ఫోటో ఒక్కొక్క పొర. ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏది ముందు, ఏది వెనక, ఏది పలచన అన్నది కళాకారుడు చూసుకుంటాడు. అక్కరలేని భాగాన్ని కత్తిరించి పారెయ్యడు, దానిమీద ముసుగు వేస్తాడు. ముసుగు తీస్తే మళ్ళీ ప్రత్యక్షం. ఫోటోషాప్ అనే పనిముట్టు 1990లో బజారుకు వచ్చాక ఈ విద్య అందరిదీ అయింది. దాన్ని తయారుచేసిన నోల్ సోదరుల్లో ఒకరు సినిమా మాయల్లో పనిచేసినవాడే కావడం గమనించదగ్గది.

పొరలు పేర్చడం పిల్లలకు కూడా నేర్పవచ్చు. అవి అతికినట్లు కనిపించకుండా వుండడానికి కన్ను కావాలి. ఆధార్ కార్డు ఫోటోలో వెలుతురు ఎదురుగా పడుతుంది. పెళ్ళి ఫోటోలో దీపాలు పక్కనుంచి వున్నాయనుకోండి, తండ్రి ముఖం ఒక్కటే వేరే లోకంలోంచి వచ్చినట్లుంటుంది. పాదాల కింద నీడ లేకపోతే మనిషి గాలిలో వేలాడతాడు. పాత ఫోటోలో సన్నని ఇసుక చల్లినట్లు గరుకు వుంటుంది, కొత్త ఫోటో నున్నగా వుంటుంది. రెండిటికీ ఒకే గరుకు పట్టించాలి. సెల్‌ఫోను ముఖానికి మరీ దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, దూరం నుంచి తీసినవారి పక్కన పెడితే పొసగదు. అంచేత మంచి కళాకారుడు మొదట చేసే పని కంప్యూటరు తెరవడం కాదు. తనకు కావలసిన దృశ్యాన్ని కాగితం మీద గీసుకుంటాడు. వెలుతురు ఎటునుంచి, కెమేరా ఎంత ఎత్తున, ఏ పొద్దున అని రాసుకుంటాడు. ఆ తర్వాత ఒక్కొక్క ముక్కనూ ఆ లెక్క ప్రకారం తీసుకొస్తాడు. వంటకు కూరలు తరుక్కున్నట్లే ఇదీను.

ఇంత నేర్పూ దేనికి అన్న ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. దానికి మంచి జవాబు చెప్పినవారు వివాన్ సుందరం. ఆయన 1943లో పుట్టి 2023లో కన్నుమూశారు. ప్రసిద్ధ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ ఆయనకు పెద్దమ్మ, తల్లి ఇందిరకు అక్క. అమృత 28 ఏళ్ళకే, 1941లో లాహోరులో మరణించింది. పుట్టకముందే పోయిన పెద్దమ్మను వివాన్ చూసింది ఫోటోల్లోనే. ఆ ఫోటోలు చాలావరకు తీసినవారు తాతగారైన ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్. తననూ తన కుటుంబాన్నీ ఎన్నో ఏళ్ళపాటు ఓపికగా తీసిన మనిషి. 2001, 2002 సంవత్సరాల్లో వివాన్ ఆ పాత ఫోటోలను కంప్యూటరులో కలిపి ఒక చిత్రమాల తయారుచేశారు. వేరువేరు ఏళ్ళల్లో, వేరువేరు వూళ్ళల్లో తీసిన మనుషులు ఆ చిత్రాల్లో ఒకే గదిలో ఎదురుపడతారు. అన్నీ నలుపు తెలుపులే.

వాటిని చూసి ఎవరూ మోసపోరు. 'ఇది జరిగింది' అని ఆయన చెప్పలేదు. తిరిగి తీసిన ఫోటోలన్న అర్థం వచ్చేలా 'రీ-టేక్ ఆఫ్ అమృత' అని పేరులోనే దాపరికం లేకుండా చెప్పారు. ఒక కుటుంబంలో ఎవరు ఎవరిని ఎలా చూసుకున్నారు, ఎవరి మాట ఎవరికి అందకుండా పోయింది అనే ప్రశ్నలను పక్కపక్కన నిలబెట్టారు. విడి ఫోటోలేవీ చెప్పలేని సంగతిని కలిపిన ఫోటో చెప్పింది. కళ అనిపించుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

సత్తెనపల్లి స్టూడియోకు వచ్చిన ఆ తల్లి కోరికా దాదాపు అటువంటిదే. పెళ్ళినాడు అందరి మనసుల్లో మెదిలిన మనిషిని కంటికి కనిపించేటట్లు చెయ్యమంది. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే కనక అందులో మోసం లేదు. కాని కథ అక్కడితో ఆగదు. ఆ అమ్మాయికి రేపు కొడుకు పుడతాడు. వాడికి తాతగారంటే ఆ పటమే. పటంలో తాతగారికి ఏ వయసు, ఏ ముఖం, ఏ కళ ఇచ్చామో వాడు అదే నమ్ముతాడు. స్టూడియోలో ముచ్చటపడి ముడతలు చెరిపేసి, రంగు తేల్చి, పొలంలో నల్లబడ్డ మనిషిని గులాబీ చెంపల దొరబాబును చేస్తే, ఆ మనవడికి తాత దక్కనట్లే.

2022 నుంచి మాట చెబితే బొమ్మ కట్టే యంత్రాలు జనంలోకి వచ్చిన తర్వాత ఈ ప్రమాదం ఇంకా దగ్గరైంది. వెనక ఫోటోలో లేని నవ్వును కూడా అవి తెప్పిస్తాయి. ఎలా తెప్పిస్తాయి? లోకంలోని లక్షల ముఖాలను చూసి, నవ్వంటే ఇలా వుంటుందని ఒక అంచనా కట్టి ముఖానికి అతికిస్తాయి. ఆ నవ్వు అందంగానే వుంటుంది. అది ఆయన నవ్వు మాత్రం కాదు. ఎడమవైపు కొంచెం ఎక్కువ సాగే పెదవి, ముందు పన్ను మీది గాటు వంటివి ఆయన్ని ఎరిగినవారికే తెలుసు. యంత్రానికి తెలిసే దారి లేదు.

ఈ సందర్భంలో మళ్ళీ అమరావతి వైపు చూడడం మంచిది. స్తూపం రాళ్ళలో చాలా భాగం సున్నపు బట్టీల పాలయింది. 1816, 1817 ప్రాంతాల్లో కాలిన్ మెకంజీ మనుషులు వాటిలో ఎన్నింటికో బొమ్మలు గీసి వుంచారు. తర్వాత మాయమైన కొన్ని శిల్పాలకు ఈనాడు మిగిలిన ఆనవాలు ఆ బొమ్మలే. వారు తమకు తోచినట్లు ముక్కులు అతికించి, చేతులు మొలిపించి గీసివుంటే వాటికి ఈ విలువ దక్కేది కాదు. ఈ రోజు ఎవరైనా చెన్నైలో, లండనులో, అమరావతిలో వున్న ముక్కల ఫోటోలన్నీ కంప్యూటరులో కూర్చి పూర్తి స్తూపాన్ని చూపిస్తామంటే సంతోషమే, చెయ్యాల్సిన పని కూడాను. దొరికిన రాయి ఏదో, వూహించి పూరించినది ఏదో రంగు తేడాతోనైనా తెలిసేటట్లు వుంచితే చాలు. ముసుగు వెనక అసలు పొర చెక్కుచెదరకుండా వుండాలి.

మనలాంటి సంసారులకు దీంట్లో పనికివచ్చే సంగతులు నాలుగున్నాయి. మొదటిది, స్టూడియోకు పాత ఫోటో ఇచ్చినప్పుడు దిద్దిన ప్రతితోపాటు దిద్దని ప్రతినీ పెద్ద సైజులో తీయించి అడిగి తెచ్చుకోండి. రెండోది, చిన్న కార్డు ఫోటో ఒక్కటే ఇచ్చి వూరుకోకుండా, మసకగా వున్నా సరే, ఆ మనిషి నడుస్తూనో భోంచేస్తూనో వున్న ఫోటోలు కూడా చూపించండి. పనివాడికి మనిషి పోలిక తెలుస్తుంది. మూడోది, వయసును చెరపమనకండి. నాలుగోది అతి సులువు, ఎవరూ చెయ్యనిది. పటం వెనక పెన్సిలుతో పేర్లు, ఏడు, 'నాన్నగారి ఫోటో తరవాత కలిపినది' అన్న ముక్క రాయండి.

డబ్బు కొంచెం ఎక్కువైనా ఫరవాలేదనుకుంటే పటాన్ని మంచి కాగితం మీద అచ్చు వేయించవచ్చు. చిత్రశాలల్లో వేలాడదీసే డిజిటల్ చిత్రాలకు వాడే మేలురకం కాగితం దేనితో చేస్తారో తెలుసునా? పత్తితో. చెక్కగుజ్జు కాగితంలాగా తొందరగా పసుపెక్కి పెళుసుబారదు. మన పొలంలో పత్తే అక్కడికి చేరుతుందని చెప్పను గాని, జీవితమంతా పత్తి పండించిన రైతు బొమ్మ పత్తి కాగితం మీద నిలవడం తగినట్లే వుంటుంది. పంచె కట్టుతోనూ, ఎండకు కమిలిన ముఖంతోనూ, ముడతలతోనూ సహా.